పులికాట్ దీవులకు కరెంటు పడవలు: రెండు రాష్ట్రాలు ముందు రేవు దగ్గర కలవాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇరకం లాంటి పులికాట్ దీవులకు డీజిల్ పడవల బదులు కరెంటు పడవలు, ఒడ్డున వాటికి అందేలా కరెంటు బస్సులు పెట్టడం అయ్యే పనేనా? ఐరోపాలో పక్కపక్క దేశాలు కలిసి దీవులకు ఇలాంటి రవాణా నడుపుతున్నాయని చదివారు, అది నిజమేనా? నిజమైతే ఆంధ్రా, తమిళనాడు అలా కలిసి చేయగలవా?

అయ్యే పనే. ఐరోపా సంగతి నిజమే. రెండు రాష్ట్రాలూ చేయగలవు కూడా. అయితే ఇలాంటి విషయం వచ్చినప్పుడు అందరూ పడవ గురించే మాట్లాడతారు. పడవ కొనడం ఇందులో అన్నిటికన్నా తేలిక పని. డబ్బుంటే ఏడాదిలో వచ్చేస్తుంది. కష్టమంతా రేవులో ఉంది. అక్కడ నీళ్లెంత లోతు, ప్లగ్గు ఏది, కరెంటు లైను ఎవరిది, రిపేరు వస్తే ఎవరిని పిలవాలి, పడవ దిగేసరికి బస్సు ఉంటుందా లేదా. రెండు ప్రభుత్వాలు కలవాల్సింది వీటి మీద.

నేను ఎలక్ట్రికల్ పని చేసేవాణ్ణి. కొచ్చి వైపు పడవల వైరింగు, బ్యాటరీ పనుల్లో కొన్నేళ్లున్నాను, తర్వాత బస్సు డిపోల్లో చార్జింగ్ పనులు చేశాను. ఇప్పుడు ఉండేది నెల్లూరులోనే. తడ, సూళ్లూరుపేట 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లినా పులికాట్ అంటే మా నెల్లూరు వాళ్లకి ఇప్పటికీ మనదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఐరోపా. మీ ప్రశ్నకు బాగా దగ్గరగా ఉండేది డెన్మార్క్, స్వీడన్‌ల మధ్య హెల్సింగోర్, హెల్సింగ్‌బోరి రేవుల సర్వీసు. హెల్సింగోర్ ఉన్నది జీలండ్ అనే దీవిలో. నీటి మీద దూరం 4 కిలోమీటర్లే, ప్రయాణం 20 నిమిషాలు. టైకో బ్రాహె, అరోరా అనే రెండు ఫెర్రీలు అప్పటికే పాతికేళ్లకు పైబడినవి. కొత్తవి కట్టకుండా వాటినే 2018 నాటికి డీజిల్ నుంచి బ్యాటరీకి మార్చారు. ఒక్కో దాంట్లో 4,160 యూనిట్ల బ్యాటరీ. రేవులో ఒక టవరు ఉంటుంది. ఫెర్రీ ఆగగానే రోబో చెయ్యి లేజరుతో కొలతలు చూసుకుని కేబుల్ పట్టుకుని గుచ్చుతుంది. డెన్మార్క్ వైపు చార్జింగ్ 6 నిమిషాల లోపు, స్వీడన్ వైపు సుమారు 9 నిమిషాలు. రెండు వైపులా ఒకే టైము పెట్టలేదు, ఏ రేవులో ఎంతసేపు ఆగుతుందో దాన్ని బట్టి పెట్టారు. దేశాలు రెండు, కరెంటు సంస్థలు రెండు, కరెన్సీలు రెండు. కానీ ప్లగ్గు ఒకటి, టైంటేబుల్ ఒకటి. దీని వెనక ఐరోపా సంఘం గ్రాంటు కూడా ఉంది.

డెన్మార్క్‌లోనే ఏరో అనే చిన్న దీవికి 2019 నుంచి ఎలెన్ అనే ఫెర్రీ తిరుగుతోంది. 4.3 మెగావాట్ అవర్ల, అంటే 4,300 యూనిట్ల బ్యాటరీ, పూర్తిగా కరెంటే. ఐరోపా సంఘం పరిశోధన నిధులతో కట్టిన పడవ అది. బ్యాటరీ స్విట్జర్లాండ్ కంపెనీది. మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. దీనికి చార్జింగ్ ఒక్క వైపే, దీవిలో ఉన్న సోబీ రేవులో. రానూ పోనూ అయ్యే 22 నాటికల్ మైళ్లకు (సుమారు 41 కిలోమీటర్లు) సరిపడా ఒకే చోట ఎక్కించుకుంటుంది. రెండు వైపులా ట్రాన్స్‌ఫార్మర్, రెండు వైపులా అనుమతులు అనే తలనొప్పి సగం తగ్గింది.

నార్వేలో 2015లో మొదలైన ఆంపియర్ ఫెర్రీ ఇంకో పాఠం చెబుతుంది. రేవులున్నవి చిన్న ఊళ్లు. ఫెర్రీ ఒక్కసారిగా లాగే కరెంటును అక్కడి లైను మోయలేదు. లైను మార్చడానికి బోలెడు ఖర్చు. దానికి వాళ్లు ఒడ్డున కూడా బ్యాటరీ పెట్టారు. అది పొద్దస్తమానం లైను నుంచి మెల్లగా ఎక్కించుకుంటూ ఉంటుంది, ఫెర్రీ రాగానే పది నిమిషాల్లో దించేస్తుంది. లైను చివర ఉన్న మన ఊళ్లలో సాయంత్రం వోల్టేజి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఈ పద్ధతి మనకు అక్షరాలా పనికొస్తుంది.

మీరు రాసిన కరెంటు బస్సుల విషయంలో దీవులన్నీ ఒకేలా ఉండవు. గ్రీసులోని ఆస్టిపాలియాలో 2020లో గ్రీసు ప్రభుత్వం, ఫోక్స్‌వాగన్ ఒప్పందం చేసుకున్నాయి. పాత బస్సు సర్వీసు స్థానంలో ఫోన్‌లో పిలిస్తే వచ్చే కరెంటు వ్యాన్లు తెచ్చారు. కానీ ఆ దీవికి కరెంటు వచ్చేది ఎక్కువగా డీజిల్ జనరేటర్ల నుంచే. కాబట్టి ప్లానులో సోలార్ కూడా కలుపుకోవాల్సి వచ్చింది. మదీరా, మాల్టా, ఎల్బా, లిమసోల్, రెథిమ్నో, లాస్ పాల్మాస్ కలిసి ఐరోపా సంఘం డబ్బుతో పర్యాటక దీవుల రవాణా మీద 2016 నుంచి కొన్నేళ్లు ఉమ్మడిగా పనిచేశాయి. వీటిలో చాలావాటికి ఒకదానికొకటి నీటి సరిహద్దు కూడా లేదు. అయినా కలిశాయి, ఎందుకంటే దీవుల ఇబ్బందులు ఒకే రకం: తిరిగే జనం తక్కువ, సీజన్‌లో ఒక్కసారిగా ఎక్కువ, స్పేర్ పార్టు రావాలంటే రోజులు పడుతుంది. సహకారం అంటే ఉమ్మడి కంపెనీ పెట్టడమే అనుకోకండి. ఒకరు పడ్డ ఇబ్బంది లెక్కలతో సహా ఇంకొకరికి చెప్పడం కూడా సహకారమే.

అంత దూరం వెళ్లక్కర్లేదు, కేరళ చూడండి. వైక్కం, తవణక్కడవు మధ్య వేంబనాడ్ సరస్సు మీద 2017 జనవరి నుంచి ఆదిత్య అనే సోలార్ ఫెర్రీ తిరుగుతోంది. అటు ఒక జిల్లా, ఇటు ఒక జిల్లా. 75 మంది కూర్చునే కాటమరాన్, అంటే రెండు సన్నటి పడవ దేహాలు పక్కపక్కన కలిపి కట్టిన పడవ, పైకప్పు మీద 20 కిలోవాట్ల సోలార్ పలకలు, లోపల 50 యూనిట్ల బ్యాటరీ. అంతే. కరెంటు కారు బ్యాటరీ అంతది పెట్టుకుని 75 మందిని ఎలా దాటిస్తుందని చాలామంది అడుగుతారు. జవాబు వేగంలో ఉంది. నీటిలో వేగం రెట్టింపు చేస్తే మోటారు లాగే పవర్ సుమారు ఎనిమిది రెట్లవుతుంది. సగం టైములో చేరినా యూనిట్లు నాలుగు రెట్లు పోతాయి. ఆదిత్య మెల్లగా వెళ్తుంది, ఆ రెండు దేహాలూ సన్నగా ఉంటాయి, నీళ్లను తోసుకోకుండా కోసుకుంటూ పోతుంది. అది కట్టినవాళ్ల తెలివంతా అక్కడే ఉంది.

2023 ఏప్రిల్‌లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రో వేరే స్థాయి. 10 దీవులు, 38 రేవులు, 78 పడవలు అన్నది ప్లాను. జర్మనీ ప్రభుత్వ బ్యాంకు అప్పు ఇచ్చింది. అంటే అదీ సరిహద్దు దాటిన సహకారమే. పడవలు కొచ్చిన్ షిప్‌యార్డులో కట్టారు. అవి హైబ్రిడ్: మామూలుగా బ్యాటరీ మీద నడుస్తాయి, అవసరమైతే లోపలి డీజిల్ జనరేటర్ పనిచేస్తుంది. వాడింది లిథియం టైటనేట్ బ్యాటరీ. బరువు ఎక్కువ, ధర ఎక్కువ, కానీ పది పదిహేను నిమిషాల్లో చార్జ్ అవుతుంది, ఎన్నో ఏళ్లు మన్నుతుంది. నాకు అక్కడ అన్నిటికన్నా నచ్చింది తేలే రేవులు. పోటు వచ్చినా పాటు వచ్చినా రేవు కూడా నీటితో పాటు లేస్తుంది, దిగుతుంది. పడవ అంచు, రేవు అంచు ఒకే ఎత్తులో ఉంటాయి. చక్రాల కుర్చీ మీద వచ్చినవాళ్లు ఎవరి సాయం లేకుండా లోపలికి వెళ్తారు. పడవలోకి పలక వేసి, ముసలమ్మను రెండు చేతులూ పట్టి ఎక్కించే మన రేవుల నుంచి వెళ్లినవాడికి అది చూస్తే కడుపు నిండుతుంది.

ఇప్పుడు మన సరస్సుకు వద్దాం. పులికాట్‌లో మొదటి శత్రువు లోతు. సరాసరి ఒక మీటరు నీళ్లు. వేసవిలో ఇంకా తగ్గి చాలాచోట్ల బురద తేలుతుంది. రాయదొరువు లాంటి ముఖద్వారాల్లో పూడిక పడి సముద్రపు నీళ్లు సరిగా రావడం లేదు. కొచ్చి వంద సీట్ల పడవ ఇక్కడ తేలదు. ఎవరైనా అలాంటి పడవ బొమ్మ చూపించి ప్రెస్ మీట్ పెడితే నమ్మకండి. మనకు కావాల్సింది పాతిక సీట్ల చిన్న కాటమరాన్ పడవ, ఫైబర్‌ది.

దానికి స్థూలంగా లెక్క చెబుతాను. గంటకు పది కిలోమీటర్ల వేగంలో ఇలాంటి పడవ 7 కిలోవాట్లు తీసుకుంటుంది అనుకుందాం. రేవు నుంచి రేవుకు 6 కిలోమీటర్లు అనుకుంటే ఒక వైపు ప్రయాణానికి 4 యూనిట్ల పైచిలుకు. రోజుకు నాలుగు సార్లు వెళ్లి రావడానికి 34 యూనిట్లు. బ్యాటరీని అడుగంటా వాడకూడదు, ఐదో వంతు ఎప్పుడూ మిగల్చాలి. కాబట్టి 45 యూనిట్ల ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ పెట్టాలి. పైకప్పు మీద 5 కిలోవాట్ల పలకలు మంచి ఎండ రోజున 20 యూనిట్లు ఇస్తాయి. మిగిలింది రాత్రి రేవులో ఎక్కించుకుంటే చాలు. దీనికి రోబో చేతులూ, పెద్ద ఫాస్ట్ చార్జర్లూ అక్కర్లేదు. త్రీ ఫేజ్ 32 ఆంపియర్ల పాయింటు ఒకటి చాలు. చిన్న రైస్ మిల్లు తీసుకునేంత కూడా తీసుకోదు.

కానీ ఆ బ్యాటరీ బరువు 400 కిలోల పైనే. ఆరేడుగురు మనుషుల బరువు ఎప్పుడూ పడవలో కూర్చుని ఉన్నట్టు. అడుగు అంతమేర దిగుతుంది. అందుకే నేను వేగం గురించి అంత చెప్పింది. ఇంకో పది నిమిషాలు ముందు చేరాలని పట్టుబడితే బ్యాటరీ రెట్టింపు అవుతుంది, బరువు పెరుగుతుంది, పడవ వేసవిలో బురదకు తగులుతుంది. బరువును అడుగున, మధ్యలో పెడితే మాత్రం పడవ నిలకడ పెరుగుతుంది. 2011 డిసెంబరు 25న ఇదే సరస్సులో తమిళనాడు వైపు విహారానికి వెళ్లిన పడవ మునిగి 20 మందికి పైగా చనిపోయారు. సీట్ల లెక్క దాటి ఒక్కరిని కూడా ఎక్కించుకోకూడదు, లైఫ్ జాకెట్ వేసుకోకుండా పడవ కదలకూడదు. పడవ ఏ రకమైనా ఇది మొదటి షరతు.

రెండో శత్రువు ఉప్పు. కాగితం మీద ఎక్కడా కనపడదు గానీ పడవలను మూలన పడేసేది ఇదే. ఒక సీజన్ తిరిగిన పడవలో కనెక్షన్ బాక్స్ మూత తీస్తే వైరు చివర బిగించే రాగి లగ్గు మీద పచ్చగా చిలుము ఉంటుంది, దాని పక్కన వైరు తొడుగు నల్లబడి ఉంటుంది. బోల్టు పట్టి చూస్తే గట్టిగానే ఉంటుంది. లోడు మీద థర్మల్ కెమెరా పెడితే మాత్రం ఆ ఒక్క జాయింటు మిగతావాటి మధ్య తెల్లగా వెలుగుతుంది. అక్కడే మంటలు మొదలవుతాయి. మందు ఖరీదైనదేమీ కాదు: తగరం పూత ఉన్న వైరు, వేడి చేస్తే వైరు మీద బిగుసుకునే, జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు, నీరు చొరని బాక్సులు, నెలకోసారి తెరిచి చూసే మనిషి.

ఆ మనిషి మన దగ్గర ఉన్నాడు. ఇందుకూరుపేట, మైపాడు వైపు రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) చూసే కుర్రాళ్లు రోజూ చేసేది ఇదే పని. ఉప్పు నీళ్లలో మోటారు, తుప్పు పట్టే ప్యానెల్ బోర్డు, అర్ధరాత్రి కరెంటు పోతే పరుగెత్తి జనరేటర్ వేయడం. వాళ్లకి డీసీ హై వోల్టేజి భద్రత, బ్యాటరీ సాఫ్ట్‌వేర్ చదవడం నేర్పితే చాలు. రెండు రాష్ట్రాల ఐటీఐలు కలిసి ఒక చిన్న కోర్సు పెట్టి, ఒకే సర్టిఫికెట్ ఇచ్చి, ఏ వైపు పడవనైనా ఆ కుర్రాడు తెరవొచ్చు అనాలి. ఒక తీరపు ఊళ్లో, పేరు వద్దు లెండి, చార్జర్ పాడైతే కంపెనీ మనిషి రావడానికి వారాలు పట్టింది, ఈలోపు జనం పాత డీజిల్ పడవకు మళ్లిపోయారు. మళ్లిన జనాన్ని వెనక్కి తేవడం చాలా కష్టం.

వలల సంగతి కూడా మరిచిపోకూడదు. నైలాన్ వల పడవను తోసే ఫ్యానుకు చుట్టుకుంటే డీజిల్ ఇంజిన్ దగ్గి ఆగిపోతుంది. కరెంటు మోటారు ఆగకుండా ఇంకా బలంగా లాగుతుంది, వల ముక్కలవుతుంది, మోటారు కంట్రోలర్ కూడా పోవచ్చు. ఫ్యాను చుట్టూ జాలీ ఉండాలి, కరెంటు హఠాత్తుగా పెరిగితే తక్షణం ఆపే సెట్టింగు ఉండాలి. అంతకన్నా ముఖ్యం, పడవ దారిని జాలర్లే గీయాలి. ఎక్కడ ఎవరు వల వేయాలన్న కట్టుబాటు వాళ్లలో తరతరాలుగా ఉంది, తమిళనాడు వైపు దాన్ని పాడు అంటారు. సరస్సులో చేపల వేట హద్దుల మీద రెండు రాష్ట్రాల జాలర్ల మధ్య గొడవలు కొత్తవి కావు. పడవ దారి గీత ఆ గొడవలోకి ఇంకో నిప్పురవ్వ కాకూడదు. పడవలు నడిపే ఉద్యోగాలు రెండు వైపుల జాలరి కుటుంబాలకే ఇవ్వాలి అన్నది నా గట్టి అభిప్రాయం. ఏ నీరు ఎప్పుడు ఎంత లోతో వాళ్లకు తెలిసినట్టు జీపీఎస్‌కు కూడా తెలియదు.

పక్షుల విషయంలో కరెంటు పడవకు సహజంగానే మంచి మార్కులు పడతాయి. చప్పుడు ఉండదు, నీటి మీద నూనె తెట్టు ఉండదు. కానీ సరస్సు రెండు వైపులా పక్షుల అభయారణ్యం. రేవు కట్టాలన్నా లైను లాగాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. పైన వేలాడే కరెంటు తీగలు ఫ్లెమింగోల లాంటి పెద్ద పక్షులకు ప్రాణాంతకం. కాబట్టి రేవు దాకా భూగర్భ కేబుల్ వేయాలి, లేదా రేవు కప్పు మీదే సోలార్, పక్కన ఒక బ్యాటరీ పెట్టాలి. నేనైతే రెండోదే ఎంచుకుంటాను. తుపాను వచ్చి లైను పడిపోయినా పడవ తిరుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన దగ్గర మబ్బు, వాన, కరెంటు కోత మూడూ ఒకేసారి వస్తాయి. అందుకే ఉన్న పడవల్లో ఒక్కదాన్ని హైబ్రిడ్‌గా, చిన్న డీజిల్ జనరేటర్‌తో ఉంచమంటాను. అర్ధరాత్రి పురుటి నొప్పులొస్తే బ్యాటరీ ఎంత శాతం ఉందని చూసుకుంటూ కూర్చోలేం కదా. మిగతావి పూర్తి కరెంటే ఉండాలి.

ఇక రెండు రాష్ట్రాలు ఎలా కలవాలి? మీరు భయపడుతున్నంత చట్టపు చిక్కు లేదు. 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం 1917 నాటి పాత చట్టాన్ని తీసేసింది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన పడవ పత్రాలు ఇప్పుడు దేశమంతా చెల్లుతాయి. కరెంటుతో నడిచే పడవలను ప్రత్యేక కోవగా గుర్తించే వీలు కూడా అందులో ఉంది. అంటే ఆంధ్రాలో రిజిస్టరైన పడవ తమిళనాడులోని ఆరంబాక్కం వైపు వెళ్లడానికి అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించక్కర్లేదు. ఖర్చు, ఆదాయం పంచుకునే పద్ధతి కావాలా, అదీ మన కళ్ల ముందే ఉంది. నెల్లూరు, చెన్నైల మధ్య రెండు రాష్ట్రాల బస్సులూ తిరుగుతున్నాయి. 1988 మోటారు వాహనాల చట్టం కింద రాష్ట్రాలు ఒప్పందం రాసుకుని, ఎవరి బస్సు ఎవరి నేల మీద ఎన్ని కిలోమీటర్లు తిరగాలో సరిచూసుకుంటాయి. అదే పద్ధతిని నీటి మీదికి తేవచ్చు. ఒప్పందంలో చార్జింగ్ పాయింటు కొలత, స్పేర్ పార్టుల ఉమ్మడి గది, డ్రైవరు శిక్షణ, ప్రమాదం జరిగితే ఎవరు ముందు రావాలి అన్నవి కూడా రాయాలి. రెండు వైపులా ఒకే రకం ప్లగ్గు అన్న ఒక్క వాక్యం ముందే రాసుకోకపోతే తర్వాత లక్షలు పోతాయి.

బకింగ్‌హాం కాలువ 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో భాగం కాబట్టి కేంద్రం కూడా ఇందులో ఉంది. పెదగంజాం నుంచి ప్రకాశం, నెల్లూరు తీరం వెంబడి చెన్నై దాకా ఒకప్పుడు ఉప్పు, సర్వి కట్టెలు మోసిన కాలువ అది. తిరిగి బాగుపడితే సంతోషమే. కానీ దాని పూడికతీత కోసం దీవుల వాళ్లను కాచుకుని కూర్చోమనడం అన్యాయం.

బస్సు భాగం తేలిక. సరస్సు ఒడ్డు నుంచి తడ, ఆరంబాక్కం స్టేషన్లకు దూరం తక్కువ, నేల చదును, రోజుకు ఇన్ని ట్రిప్పులని ముందే తెలుసు. కరెంటు బస్సుకు ఇంతకంటే అనువైన రూటు ఉండదు. తిరుమల ఘాట్‌లో 2022 నుంచి ఆర్టీసీ కరెంటు బస్సులు ఎక్కి దిగుతూనే ఉన్నాయి, దిగేటప్పుడు బ్రేకు శక్తి మళ్లీ బ్యాటరీలోకి పోతుంది. కొండ ఎక్కే బస్సుకు తడ రోడ్డు లెక్కే కాదు. ఇక్కడ పెద్ద బస్సు అక్కర్లేదు, మినీ బస్సు చాలు. టైము మాత్రం లోకల్ రైలుకు ముడిపెట్టాలి. చెన్నై నుంచి సూళ్లూరుపేటకు వచ్చే లోకల్ దిగేవాళ్లు, శ్రీసిటీ షిఫ్టు ముగించుకుని వచ్చేవాళ్లు ఆఖరి పడవ వెళ్లిపోయిందేమో అన్న టెన్షన్ లేకుండా ఇంటికి చేరాలి. రైలు లేటైతే పడవ పది నిమిషాలు ఆగాలి. ఆ ఫోన్ ఎవరు ఎవరికి చేయాలో కూడా ఒప్పందంలో రాసుకోవచ్చు.

మీరు కలెక్టరుకు అర్జీ పెడతామన్నారు కాబట్టి ఒక మాట. కరెంటు పడవలు ఇప్పించండి అని రాయకండి. రెండు రేవులు, ఒక చార్జింగ్ పాయింటు, రెండు చిన్న కరెంటు పడవలు, ఒక హైబ్రిడ్, రెండు రాష్ట్రాల అధికారులతో ఒక ఉమ్మడి కమిటీ అని రాయండి. అదే కాగితం తమిళంలో తిరువళ్లూరు కలెక్టరుకు కూడా అందేలా చూడండి. అర్జీతో పాటు లోతు కొలతలు జతచేయండి. మే నెలలో, నీళ్లు బాగా తగ్గినప్పుడు, రేవు నుంచి రేవుకు వంద అడుగులకొకసారి గడ దించి కొలిచి, తేదీ, వేళతో రాసుకోండి. వానల తర్వాత మళ్లీ ఒకసారి అదే దారిలో కొలవండి. రోజుకు ఎంతమంది, ఏ వేళకు దాటుతున్నారో ఒక వారం లెక్క కూడా కావాలి. అవి లేకుండా ఏ డిజైనరూ మీకు పడవ గీయలేడు. కొలతలు వచ్చాక ఇక్కడే పెట్టండి, పడవ ఎంత లోతున తేలాలో, ఎంత బ్యాటరీ కావాలో నేను లెక్క వేసి ఇస్తాను.